నల్లదానికి పేరు పెట్టలేదు

ఫిబ్రవరి 9, ఆదివారం

వదిన ఇవాళ మళ్ళీ వంటింట్లోకి దూరింది. చీపురు తీసుకుని పెరట్లోకి తరిమాను. గడప దాటాక వెనక్కి తిరిగి, ఈ ఇల్లు నీ అబ్బ సొమ్మా అన్నట్టు చూసింది.

కోడి గురించే రాస్తున్నాను. ఈ డైరీ ఎవరి కంటైనా పడితే పరువు పోతుంది కాబట్టి వివరంగా రాసుకోవడం మంచిది. మా పెరట్లో నాలుగు పెట్టలున్నాయి. నాలుగూ నాలుగు జాతులు, నాలుగు బుద్ధులు. ఎర్రది రోడ్ ఐలండ్ రెడ్. దాణా గిన్నె దగ్గరికి అదే ముందు రావాలి. సాయంత్రం గూట్లోకి ఎవరు ముందు పోవాలో, ఎవరు ఏ మూల కూర్చోవాలో అదే తేల్చాలి. తను గుడ్డు పెడితే వీధంతా వినాలి, పక్కది పెట్టినా తనే అరవాలి. తెచ్చిన రెండో రోజే దానికి వదిన అని పేరు పెట్టాను. తెల్లది లెగ్‌హార్న్. తన నీడ చూసి తనే జడుసుకుని గోడెక్కుతుంది. అది మా చెల్లెలు. ఒళ్ళంతా దూదిలా ఉండేది సిల్కీ. కింద గుడ్డున్నా లేకపోయినా ఒకచోట కూలబడి, లోకానికి పనికొచ్చేదేదో పొదుగుతున్నట్టు కళ్ళు మూసుకుంటుంది. అది మావారు. ఆ పేరు చెబితే అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే. వదిన పేరుకూ నవ్వారు, కాస్త ఆలస్యంగా.

నాలుగోది నల్లది, ఆస్ట్రలార్ప్. ఎండ పడితే ఈకలు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఎవరి జోలికీ పోదు, పిలిస్తే వస్తుంది, ఎత్తుకుంటే ఒదుగుతుంది. పెట్టిందేదో తిని కిక్కురుమనకుండా ఉంటుంది.

అది నేను. ఈ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు. మన మంచితనం గురించి మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

అసలు వదిన వస్తోంది. అంటే మావారి అక్క. మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లెక్కకూడదన్నారట. ఉండేదేమో మూడో అంతస్తు. మావారు ఊళ్ళో లిఫ్టులన్నీ రిపేరు చేస్తారు, వాళ్ళక్క ఉండే బిల్డింగుకు మాత్రం లిఫ్టు లేదు.

ఎన్నాళ్ళుంటుందని మామూలుగానే అడిగాను. మామూలుగా అడగలేదని ఆయనకు అర్థమైంది. ఒక్కతే అక్కడ ఉండి ఏం చేస్తుంది, ఇక్కడే ఉండిపోతే తప్పేంటి అన్నారు. ఆడపడుచు అర్ధమొగుడని సామెత. ఉన్న పూర్తి మొగుడితోనే నాకు తీరడం లేదు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. తమ్ముడు ఒక దారికి వచ్చాక చూద్దామని పెళ్ళి కూడా మానుకుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలియడం వేరు, ఇష్టపడటం వేరు. ఆవిడ ఎప్పుడు వచ్చినా మా గ్లాసులన్నీ తీసి బోర్లించి పెడుతుంది. నేను మళ్ళీ వెల్లకిలా తిప్పి పెడతాను. పెళ్ళయిన నాటి నుంచి ఇదే యుద్ధం, ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

కోళ్ళ పేర్లు తీసేశాం. ఇకనుంచి ఎర్రది, తెల్లది, బొచ్చుది, నల్లది. నోరు జారకుండా ఆయన చేత వల్లె వేయించాను. ఆయనకు లిఫ్టు మోటార్ల నంబర్లన్నీ నోటికి వచ్చు, ఈ నాలుగు మాటలకే తడబడ్డారు.

ఫిబ్రవరి 17, సోమవారం

వచ్చింది. బాగా చిక్కిపోయింది. చేతికర్ర పట్టుకుని గేటు దగ్గరే కాసేపు ఆగింది, గర్వం కొద్దీ నా చెయ్యి పట్టుకోలేదు. లేకపోతే నేనే చెయ్యి ఆలస్యంగా చాచానేమో.

వెనక వసారాలో కుర్చీ వేసిచ్చాను, కాలు పెట్టుకోవడానికి స్టూలు కూడా. అక్కడినుంచి పెరడంతా కనిపిస్తుంది. ఎర్రది నేరుగా వచ్చి ఆవిడ చేతికర్రను ఒక పోటు పొడిచింది. ఇదేనా మీ ఇంట్లో పెద్దరికం చేసేది అని అడిగింది వదిన.

ఫిబ్రవరి 20, గురువారం

మావారు కొంప ముంచారు. భోజనాల దగ్గర, అక్క ఎదురుగా కూర్చునుండగా, వదిన ఇవాళ గుడ్డు పెట్టలేదా అని నన్నడిగారు.

ఆ తర్వాత ఆయనకు పొరబోయింది. నేను లేచి నీళ్ళిచ్చాను. వదిన తల ఎత్తలేదు. తమ్ముడూ, మెల్లిగా తిను, ఎవరూ తరమడం లేదు అంది, అంతే. విందా, వినలేదా? ఆవిడ పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా ముప్పై ఏళ్ళు చేసింది. అందరి మాటలూ చెవిలోంచే పోయేవి. చెవులు అంత పదునుగా ఉన్న మనిషి ముఖంలో ఏమీ కనబడదు.

ఫిబ్రవరి 24, సోమవారం

గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

ఫిబ్రవరి 27, గురువారం

గూట్లో గుడ్లు పగులుతున్నాయి. గడ్డి తడిగా ఉంటోంది, పెంకుల ముక్కలు, అంతే. ఏదో ఒకటి పొడుచుకుని తాగుతోంది. ఈ అలవాటు పడిన కోడిని మాన్పించడం కష్టమని, ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంటుందని నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకు వచ్చే కోళ్ళ ఫారం ఆయన చెప్పాడు. కళ్ళజోడు సరిచేయించుకోవడానికి వచ్చి, దొంగను కనిపెట్టి వెంటనే పంపించెయ్యమన్నాడు.

కనిపెట్టడానికేముంది. ఇంకెవరు, ఎర్రదే. మిగతావి గుడ్డు పెట్టేటప్పుడు గుడ్ల పెట్టె దగ్గర కాపలా కాసి అరిచేది అదేగా. బొచ్చుది అమాయకురాలు, తెల్లదానికి అంత ధైర్యం లేదు, నల్లది బంగారం.

మార్చి 1, శనివారం

వదిన కళ్ళజోడు జారిపోతోందని ముక్కు మీద దూది పెట్టుకుంటోంది. చూడలేక నా చేతి సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. నేను రోజంతా చేసే పనే అది. ఫ్రేము చెవి కొసలు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి వంచాను, ముక్కు దగ్గర ప్యాడ్లు మార్చాను. పెట్టి చూడాలంటే ఎదురుగా కూర్చుని చెవుల వెనక రెండు వేళ్ళూ పెట్టాలి. షాపులో రోజూ ఎంతమందికో పెడతాను, ఏమీ అనిపించదు. ఆవిడ కళ్ళు మూసుకుంది. చెవుల వెనక చర్మం కమిలి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఒరుసుకుంటోందో, ఒక్కసారీ చెప్పలేదు.

నీ చెయ్యి తేలిక అమ్మాయ్ అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత తేలికైన చేతులున్న దాన్ని, నోరు మాత్రం ఇలా ఎందుకు పెంచుకున్నానో.

మార్చి 4, మంగళవారం

చెల్లెలికి ఫోన్ చేశాను. దాని నోట్లో నువ్వు గింజ నానదు. అయినా దానితో మాట్లాడితేనే నాకు తిన్నది అరుగుతుంది. గూడు కడుగుతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను. వదినను ఇక భరించలేనే అన్నాను. దొరికిందల్లా మింగేస్తోంది, మిగతావాళ్ళకు ఏమీ మిగలనివ్వదు, ఆయనతో చెప్పాను, సరే అన్నారు, ఈ ఆదివారం వదిలించుకుంటాం, ఇంటికి పట్టిన పీడ పోతుంది. చెల్లెలు పగలబడి నవ్వింది. కోడి పేరు దానికి తెలుసు.

గూడుకు అవతలే బాత్రూం కిటికీ. కిటికీ తెరిచి ఉంది. ఫోను పెట్టేశాక లోపల చేతికర్ర నేల మీద ఆనిన చప్పుడు వినిపించింది.

మార్చి 6, గురువారం

రెండు రోజులుగా వదిన సరిగ్గా తినడం లేదు. ఆకలి లేదంటుంది. వడ్డించబోతే పళ్ళేనికి చెయ్యి అడ్డం పెడుతుంది. దొరికిందల్లా మింగేస్తోందని అన్న నోటితోనే ఇంకొంచెం తినండి అని బతిమాలాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని.

సాయంత్రం షాపునుంచి వచ్చేసరికి గ్లాసులన్నీ వెల్లకిలా ఉన్నాయి. నేను పెట్టినవి కావు. ఆవిడే తిప్పి పెట్టింది.

మార్చి 7, శుక్రవారం

బట్టలు సర్దుకుంటోంది. మోకాలు నయమైందట. నయమైనవాళ్ళు గోడ పట్టుకుని నడవరు.

నేను మాట్లాడింది కోడి గురించని చెప్పెయ్యొచ్చు. నోరు తెరిచాను కూడా. చెబితే, మరి కోడి పేరు వదిన ఎందుకైందని అడుగుతుంది. చెప్పకపోతే, మనిషి గురించే అన్నానని నమ్మి వెళ్ళిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మావారికి చెబితే ఆయన ముఖం తిప్పుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, నన్ను మధ్యలోకి లాగకు అన్నారు. ఆ సామెతలో పాము ఎవరో నేను అడగలేదు.

ఇంకో మాట కూడా రాయాలి, రాయకపోతే ఈ డైరీ దండగ. ఫోన్లో నేను కోడి గురించే మాట్లాడుతున్నాను, నిజమే. కానీ భరించలేను అన్నప్పుడు నా కళ్ళముందు ఉన్నది కోడి కాదు.

మార్చి 9, ఆదివారం

చెప్పేశాను. పొద్దున్నే వసారాలో, స్టూలు మీద కూర్చుని, ఆవిడ ముఖం వైపు చూడకుండా. అది కోడి గురించి వదినా అన్నాను.

కోడి గురించని తెలుసమ్మా అంది.

పోయినేడాది ఒకసారి మావారు ఆవిడకు ఫోన్ చేసి, మాట్లాడటం అయ్యాక కట్ చెయ్యడం మరిచిపోయి జేబులో వేసుకున్నారట. వదినకు పొగరెక్కువైంది, రెక్కలు కత్తిరిస్తే గానీ దారికి రాదు అని నా గొంతు వినిపించిందట. కత్తిరించెయ్ అని తమ్ముడి నవ్వు వినిపించిందట. మొదట తననే అన్నారనుకుందట. తర్వాత కోడి అరుపు వినపడి, ఓహో అనుకుందట. కోడి అని తెలిశాక ఇంకా బాధేసిందట. ఒక మనిషిని కోపంలో ఏదో ఒకటి అంటాం, రోజూ దాణా వేస్తూ పిలుచుకోవాలంటే ఎంత ఓపికగా అసహ్యించుకోవాలి అంది. అరవలేదు. కాలు నిమురుకుంటూ, రేపు వాన పడుతుందేమో అన్నట్టు అంది.

ముప్పై ఏళ్ళలో ఎవరి లైనూ వినలేదట. కలిపి చెవిలోంచి తీసేసేదట. ఆ ఒక్కరోజు పెట్టెయ్యకుండా విన్నందుకు తగిన శాస్తి జరిగిందని నవ్వింది. అది తెలిసీ మా ఇంటికి వచ్చిందంటే, ఇంకెక్కడికీ వెళ్ళలేక వచ్చింది. నాకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు.

అప్పుడు అడిగింది. ఎర్రది నేను, తెల్లది మీ చెల్లెలు అయ్యుంటుంది, ఆ కూర్చునేది మా తమ్ముడే, చూస్తేనే తెలుస్తోంది. మరి నల్లది ఎవరు అని.

దానికి పేరు పెట్టలేదు అన్నాను.

క్షమించమని అడగడానికి కూర్చుని అబద్ధం చెప్పాను. అది నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. అందరికీ వంకలు పెట్టి, మంచిదాన్ని నాకోసం దాచుకున్నానని ఎలా చెప్పను. ఆవిడ నా వైపు చూసింది. నమ్మినట్టు లేదు. అడగనూ లేదు.

ఎర్రదాన్ని ఏం చేస్తారు అంది. మాంసం కొట్టుకు ఇస్తామన్నాను. నాకివ్వండి, ఎలాగూ ఇద్దరం ఒక్కసారే పోతే మీకు పని తగ్గుతుంది అంది. వాళ్ళ బిల్డింగులో కింద వాటా ఖాళీ అయిందట, వెనక కాస్త చోటుందట. ముందే ఫోన్ చేసి మాట్లాడుకుంది. ఆయన ఎంత చెప్పినా వినలేదు.

పదకొండింటికి బయల్దేరారు. ఆవిడ ఒళ్ళో గంప, గంపలో కోడి. ఎప్పుడూ పట్టుకోనివ్వనిది, ఆవిడ ఒళ్ళో మెడ ముడుచుకుని కూర్చుంది. కారు కదిలేటప్పుడు వెళ్ళొస్తానమ్మాయ్ అంది. వెళ్ళొస్తాననడం ఆవిడ మర్యాద.

మార్చి 10, సోమవారం

ఇల్లు విశాలంగా ఉంది. సంతోషించడానికి ప్రయత్నించాను.

మార్చి 13, గురువారం

గుడ్డు పగిలింది.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

షాపునుంచి భోజనానికి వచ్చి చప్పుడు కాకుండా గూడు దగ్గరికి వెళ్ళాను. నల్లది గుడ్ల పెట్టెలో ఉంది. తెల్లదాని గుడ్డు కాళ్ళ మధ్య పెట్టుకుని, తొందర లేకుండా, ఒక్కొక్క పోటే పొడుస్తోంది. ముక్కంతా పచ్చసొన. నన్ను చూసి కూడా ఆగలేదు. తాగడం అయ్యాక నడిచి వచ్చి నా పాదం దగ్గర ఒదిగింది.

నంగనాచి.

ఎర్రది గుడ్ల పెట్టె దగ్గర నిలబడి అరిచేది ఎందుకో ఇప్పుడు తెలిసింది. అది దొంగ కాదు. దొంగను చూసి అరిచింది. ఆ అరుపుకే నేను దానిమీద నేరం మోపాను.

తర్వాత చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. బయట బండి ఆగిన చప్పుడైంది, ఆయన వచ్చారు. నేను కొంగుతో నల్లదాని ముక్కు తుడిచాను. తడి గడ్డి తీసి చెత్తలో అడుగున వేశాను. గుడ్లున్నాయా అని అడిగితే ఇవాళ పెట్టలేదన్నాను. ఎవరిని కాపాడుతున్నానో నాకు బాగా తెలుసు.

మార్చి 16, ఆదివారం

మళ్ళీ తుడిచాను.

మార్చి 19, బుధవారం

బొచ్చుదాని వీపు మీద ఈకల్లేవు. అరచేతి మేర ఎర్రటి చర్మం, రెండుచోట్ల రక్తం. దాణా గిన్నె దగ్గర నల్లది దాన్ని తొక్కి పెట్టి పీకుతోంది. ఎర్రది ఉన్నన్నాళ్ళూ దానికి ఈ సాహసం లేదు. ఎర్రది అందరినీ ఒక్కో పోటు పొడిచేది, కానీ ఒకరినొకరు చంపుకోనిచ్చేది కాదు. తెల్లది గోడ మీంచి దిగడమే మానేసింది. చీకటి పడితే గూట్లోకి తోలే దిక్కు లేదు. నేనే ఒక్కోదాన్ని పట్టి లోపల వేస్తున్నాను.

ఆయన బొచ్చుదాని వీపుకు పసుపు పెట్టారు. తర్వాత, ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది అన్నారు. ఏ రోజని నేను అడగలేదు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అని ఉంటే బాగుండేది అన్నారు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి అక్కడే నిలబడిపోయారు. ఆయన్ని కూర్చుని పొదిగే కోడన్నాను. ఇన్ని రోజులుగా ఆ మనిషి లోపల ఏం పెట్టుకుని కూర్చున్నారో చూడనేలేదు.

నల్లదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అన్నారు. అది ఏం చేసింది అన్నాను.

మార్చి 23, ఆదివారం

ఆయన అక్క దగ్గరికి వెళ్ళొచ్చారు. చేతిలో చిన్న డబ్బా. అందులో గడ్డి మధ్య గోధుమరంగు గుడ్లు, ఒక్కటి కూడా చిట్లలేదు. ఎర్రది రోజూ పెడుతోందట, ఒక్కదాన్నీ ముట్టలేదట, తన ఒక్కదానికి ఇన్ని ఎందుకని వదిన మాకు పంపింది. తుడిచి పంపింది. వెళ్ళిన కొత్తలో ఇద్దరికీ ఒంట్లో బాగాలేదట, ఆవిడకూ కోడికీ. ఇప్పుడు కులాసానట. ఇంకేమన్నా అందా అన్నాను. నిన్ను అడిగిందన్నారు.

ఎర్రది గుడ్లు తాగడం లేదంటే మరి ఇక్కడ ఎవరు తాగినట్టు అని ఆయన నన్ను అడగలేదు. లిఫ్టు ఎందుకు ఆగిందో శబ్దం విని చెప్పే మనిషికి ఆ మాత్రం తెలియదా. గుడ్లు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి, నేను చెబుతానేమోనని గుమ్మంలో నిలబడ్డారు. నేను గ్యాసు వెలిగించాను. వెలిగించి, ఏం వండాలో తోచక మళ్ళీ ఆర్పేశాను.

ఇద్దరం ఒక్కొక్క గుడ్డు తిన్నాం. నాది మధ్యలో వదిలెయ్యాలనిపించింది. మొత్తం తిన్నాను.

మార్చి 26, బుధవారం

షాపులో ఎవరూ లేనప్పుడు వదినకు ఫోన్ చేశాను. ఎవరండీ అంది. నేను అన్నాను. నా గొంతు ఆవిడకు తెలియక కాదు, అయినా ఏ నేను అని అడిగింది.

నల్లదాన్ని అన్నాను.

లైన్లో ఉండు అంది. ఉన్నాను.